నిర్వాహకుల నిర్ణయ నైపుణ్యం

నిర్వచనం, పరిధి

ఒక సంస్థలో బాధ్యతగల స్థానంలో ఉన్న వ్యక్తి తన ముందున్న ప్రత్యామ్నాయాలలో ఒకదానిని ఎంచుకొని, దాని అమలుకు డబ్బు, మనుషులు, సమయం కేటాయించి, ఆ ఎంపికకు జవాబుదారీ కావడాన్ని నిర్వాహక నిర్ణయం అంటారు. ఈ పనిని సకాలంలో, క్రమపద్ధతిలో, అడిగినవారికి కారణాలు చూపగలిగే రీతిలో చేయగల సామర్థ్యమే నిర్ణయ నైపుణ్యం. కేటాయింపు జరగనంతవరకు ఎంపిక అభిప్రాయంగానే మిగులుతుంది. సమావేశంలో అందరూ తల ఊపిన తరువాత కూడా పని ఎవరిది, ఎప్పటిలోగా, ఏ పద్దు కింద అన్నవి తేలకపోతే, అక్కడ చర్చ జరిగిందే గాని నిర్ణయం జరగలేదు.

నిర్ణయం మంచిదా కాదా అన్నది ఒక ప్రశ్న, దాని ఫలితం మంచిదా కాదా అన్నది వేరొక ప్రశ్న. తగిన సమాచారంతో, సరైన పద్ధతిలో తీసుకున్న నిర్ణయం అకాల వర్షం వల్లనో ధరల పతనం వల్లనో బెడిసికొట్టవచ్చు. ఏమీ చూసుకోకుండా వేసిన అడుగు కలిసిరావచ్చు. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తూచే అలవాటును ఫలిత పక్షపాతం అంటారు. జొనాథన్ బారన్, జాన్ హెర్షీ 1988లో ప్రచురించిన ప్రయోగాలలో, నిర్ణయాన్నీ దానికి దారితీసిన సమాచారాన్నీ మార్చకుండా ఫలితాన్ని మాత్రమే మార్చి చూపినప్పుడు, పాల్గొన్నవారు ఆ నిర్ణయానికి వేర్వేరు విలువ కట్టారు. నైపుణ్యాన్ని పెంచడానికి రూపొందిన పద్ధతులన్నీ ఈ భేదాన్ని ఆధారం చేసుకొన్నవే. ఫలితం ఒక్కటే కొలబద్ద అయితే అదృష్టం నేర్పిన పాఠమేదో, పద్ధతి నేర్పిన పాఠమేదో విడదీయడం సాధ్యం కాదు.

చారిత్రక వికాసం

పాలనకు సంబంధించిన నిర్ణయాల గురించిన చర్చ భారతదేశంలో చాలా ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రం మొదటి అధికరణంలోని మంత్రాధికార ప్రకరణం మంత్రాలోచనకు ఐదు అంగాలను చెప్పింది: కార్యాన్ని ఆరంభించే ఉపాయం, మనుషుల, ద్రవ్యాల సమృద్ధి, దేశకాలాల విభజన, ఆటంకం వస్తే దానికి ప్రతిక్రియ, కార్యసిద్ధి. నాలుగవ అంగం ప్రత్యేకంగా గమనించదగినది, ఎందుకంటే పని చెడిపోయే అవకాశాన్ని ఆలోచనలో ఒక విధిగా చేర్చాలన్న ఈ నియమాన్ని ఆధునిక సంస్థలు చాలా ఆలస్యంగా అలవరచుకొన్నాయి (చూ. వైఫల్యాన్ని ముందుగా ఊహించడం). ఒక్క మంత్రితో ఆలోచిస్తే క్లిష్ట విషయాలు తేలవనీ, ఇద్దరైతే వారు కలిసిపోయి రాజును లొంగదీయవచ్చనీ చెబుతూ, ఆ ప్రకరణం ముగ్గురు లేదా నలుగురిని సంప్రదించమంటుంది.

ఆధునిక కాలంలో ఫ్రెడరిక్ టేలర్ 1911లో వెలువరించిన శాస్త్రీయ నిర్వహణ గ్రంథం పనిని కొలిచే విధానాన్ని ప్రవేశపెట్టినా, నిర్ణయాన్ని ప్రత్యేక విషయంగా తీసుకోలేదు. అమెరికాలో న్యూజెర్సీ బెల్ టెలిఫోన్ సంస్థకు అధ్యక్షుడుగా పనిచేసిన చెస్టర్ బర్నార్డ్ 1938లో ప్రచురించిన గ్రంథంలో నిర్ణయాన్ని నిర్వాహకుని ముఖ్యవిధిగా నిలబెట్టాడు. సమయం రాని విషయాన్నీ, ఇతరులు తేల్చవలసిన విషయాన్నీ తాను తేల్చకుండా ఉండడం కూడా నైపుణ్యంలో భాగమేనని అతని వాదన. ఈ మాటల ప్రభావంతో రాసిన హెర్బర్ట్ సైమన్ 1947లో పరిపాలనా ప్రవర్తన గురించిన గ్రంథంతో ఈ రంగానికి పునాది వేశాడు. మనిషికి ఉండే సమాచారం, సమయం, లెక్కకట్టే శక్తి పరిమితమైనవి కనుక అతడు అత్యుత్తమమైనదానిని వెదకడు, తగినంత బాగున్న మొదటి ప్రత్యామ్నాయం దగ్గర ఆగుతాడు అన్నది సైమన్ ప్రతిపాదించిన పరిమిత హేతుబద్ధతా సిద్ధాంతం. అతనికి 1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో పాట్రిక్ బ్లాకెట్ వంటి శాస్త్రజ్ఞులు యుద్ధ సమస్యలకు గణితాన్ని అన్వయించడంతో ఆపరేషన్స్ రీసెర్చ్ ఒక శాఖగా ఎదిగింది. భారతదేశంలో ఈ శాఖకు తొలి విభాగం 1949లో హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాలలో ఏర్పడింది. ఆ పరిశోధనశాలే నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ. 1960లలో హోవర్డ్ రైఫా, రొనాల్డ్ హోవర్డ్ మొదలైనవారు సంభావ్యతను, నిర్ణేత ఇష్టాయిష్టాలను ఒకే లెక్కలోకి తెచ్చే నిర్ణయ విశ్లేషణను తీర్చిదిద్దారు. ఇది మనిషి ఎలా నిర్ణయించాలో చెబితే, అతడు నిజానికి ఎలా నిర్ణయిస్తాడో డేనియల్ కానమన్, ఏమోస్ ట్వెర్‌స్కీల 1974, 1979 నాటి వ్యాసాలు చూపాయి. ట్వెర్‌స్కీ 1996లో మరణించగా, కానమన్‌కు 2002లో నోబెల్ బహుమతి వచ్చింది.

నిర్ణయాలలో రకాలు

సైమన్ నిర్ణయాలను రెండుగా విభజించాడు. సరకు నిల్వ ఒక స్థాయికి తగ్గగానే మళ్ళీ ఆర్డరు పెట్టడం వంటి, నియమం రాసిపెట్టుకొంటే సరిపోయే నిర్ణయాలు మొదటి రకం. కొత్త ఊరిలో శాఖ తెరవడం వంటి, ముందు నమూనా లేనివి రెండవ రకం. మొదటి రకం మీద పై అధికారి సమయం ఖర్చవుతున్నదంటే నియమం లేదనో, ఉన్నా దానిని కింది ఉద్యోగులకు అప్పగించలేదనో అర్థం. కాలవ్యవధిని బట్టి వ్యూహాత్మక, మధ్యస్థాయి, దైనందిన నిర్ణయాలన్న విభజన పాఠ్యగ్రంథాలలో సర్వసాధారణం.

ఫ్రాంక్ నైట్ 1921లో ప్రమాదానికీ అనిశ్చితికీ భేదం చూపాడు: సంభావ్యతలను అంచనా కట్టగలిగితే అది ప్రమాదం, వాటికి ఆధారమే లేకపోతే అనిశ్చితి. ఆచరణలో ఇంతకంటె ఎక్కువగా ఉపయోగపడేది వెనక్కు తీసుకోగలిగే నిర్ణయాలు, తీసుకోలేనివి అన్న విభజన. అమెజాన్ సంస్థ 2015 సంవత్సరానికి వాటాదారులకు రాసిన లేఖ దీనికి విస్తృత ప్రచారం కలిగించింది. మార్చుకోగలిగిన వాటిని తక్కువ సమాచారంతో, కింది స్థాయిలో, వేగంగా తేల్చాలి. మార్చుకోలేని వాటికే నెమ్మది, సంప్రదింపులు అవసరం. పెద్ద సంస్థలలో జాప్యానికి ఒక ముఖ్యకారణం రెండు రకాలకూ ఒకే తంతు వర్తింపజేయడం.

నిర్ణయ ప్రక్రియ

సైమన్ 1960లో ప్రక్రియను మూడు దశలుగా వర్ణించాడు: సమస్యను కనిపెట్టడం, ప్రత్యామ్నాయాలను తయారుచేయడం, ఎంచుకోవడం. తరువాతివారు అమలును, సమీక్షను వీటికి చేర్చారు. ఈ దశలలో ఎక్కువగా చిన్నచూపుకు గురయ్యేది మొదటిది. ఒక కర్మాగారంలో ఉద్యోగులు తరచు మానేస్తున్నప్పుడు జీతం ఎంత పెంచాలి అన్న ప్రశ్నతో మొదలుపెడితే వచ్చే జవాబులు జీతం చుట్టూనే తిరుగుతాయి. ఎవరు, ఏ షిఫ్టు నుంచి, చేరిన ఎన్ని నెలలకు మానేస్తున్నారు అని అడిగితే సమస్య రాత్రి షిఫ్టు బస్సుదో, ఒక సూపర్‌వైజరుదో కావచ్చునని తేలుతుంది.

అనుభవజ్ఞులు ఈ దశలను వరుసగా నడవరని గ్యారీ క్లైన్ పరిశోధనలు చూపాయి. అగ్నిమాపక దళాధికారులను పరిశీలించిన అతడు, వారు ప్రత్యామ్నాయాలను పక్కపక్కన పెట్టి పోల్చరనీ, పరిస్థితిని ఒక పాత నమూనాగా గుర్తించి, తోచిన మొదటి చర్యను మనసులో నడిపి చూసి, పనికివస్తే అమలు చేస్తారనీ తెలిపాడు. ఇటువంటి అంతఃస్ఫురణను ఎప్పుడు నమ్మవచ్చునన్న విషయమై భిన్నధ్రువాలుగా పేరుబడిన క్లైన్, కానమన్‌లు 2009లో కలిసి రాసిన వ్యాసంలో రెండు షరతులకు అంగీకరించారు. పరిసరాలలో స్థిరమైన క్రమం ఉండాలి. ఆ క్రమాన్ని నేర్చుకోవడానికి తగినంత సాధన, వెనువెంటనే తెలిసే ఫలితం ఉండాలి. అగ్నిమాపక అధికారికి, మత్తువైద్యునికి ఈ రెండూ ఉంటాయి. మూడేళ్ళ తరువాతి మార్కెట్‌ను ఊహించే నిర్వాహకునికి ఉండవు, ఆయన సర్వీసు ఎంత సుదీర్ఘమైనదైనా సరే.

సాధారణ లోపాలు

లంగరు ప్రభావం అంటే మొదట విన్న సంఖ్య చుట్టూ అంచనా తిరగడం. గత ఏడాది బడ్జెట్ మీద ఇంత శాతం అని మొదలయ్యే చర్చలన్నిటిలోనూ ఇది ఉంటుంది. ముందే కుదిరిన అభిప్రాయానికి అనుకూలమైన ఆధారాలనే వెదకడం ధ్రువీకరణ పక్షపాతం. ఇప్పటికే పెట్టిన ఖర్చు తిరిగి రాదని తెలిసినా, దానిని చూసి విఫలమవుతున్న పనిలో మరింత డబ్బు పోయడాన్ని మునిగిన ఖర్చు దోషం అంటారు. బారీ స్టా 1976లో ప్రచురించిన ప్రయోగంలో, విఫలమైన పెట్టుబడిని మొదట తామే ఎంపిక చేసినవారు, అది ఇతరుల ఎంపిక అయినవారికంటె ఎక్కువ డబ్బు మళ్ళీ దానికే కేటాయించారు. అందువల్ల ప్రాజెక్టు ప్రారంభించిన అధికారికి కాక మరొకరికి దాని కొనసాగింపును సమీక్షించే బాధ్యత ఇవ్వడం ఒక మందుగా సూచింపబడింది.

పక్షపాతం అంచనాలన్నిటినీ ఒకే వైపు నెడుతుంది. అంచనాలు కారణం లేకుండా చెదిరిపోవడం మరొక దోషం. కానమన్, ఒలివియే సిబోనీ, కాస్ సన్‌స్టీన్ 2021లో ప్రచురించిన గ్రంథం దీనిని నాయిస్ అన్న పేరుతో వివరించింది. అందులో పేర్కొన్న ఒక బీమా సంస్థలో, ఒకే దరఖాస్తుకు ఇద్దరు ఉద్యోగులు కట్టే ప్రీమియంల మధ్య తేడా 10 శాతం దగ్గర ఉండవచ్చునని ఉన్నతాధికారులు ఊహించగా, పరీక్షలో మధ్యగత వ్యత్యాసం 55 శాతంగా తేలింది. దరఖాస్తు ఎవరి బల్ల మీదికి వెళ్ళిందన్నదే ధరను నిర్ణయిస్తున్నదన్న సంగతి అంతవరకు ఆ సంస్థకు తెలియదు.

నైపుణ్యాన్ని పెంచే పద్ధతులు

సంభావ్యతల లెక్క: ప్రత్యామ్నాయాలను, వాటి నుంచి చీలే పరిణామాలను కొమ్మలుగా గీసి, ఒక్కొక్కదానికి సంభావ్యతను, విలువను రాసే చిత్రాన్ని నిర్ణయ వృక్షం అంటారు. గుంటూరులో మిర్చి నిల్వచేసే ఒక శీతల గిడ్డంగిని ఊహించవచ్చు. పాత కంప్రెసరు మరమ్మతుకు 4 లక్షల రూపాయలు, కొత్తదానికి 15 లక్షలు అవుతాయి. సీజను మధ్యలో యంత్రం ఆగిపోతే నష్టం 40 లక్షలు. మరమ్మతు చేసినది ఆగిపోయే అవకాశం 30 శాతం, కొత్తది ఆగిపోయే అవకాశం 5 శాతం అనుకొంటే, మొదటి మార్గం సగటు వ్యయం 4కు 12 కలిపి 16 లక్షలు, రెండవదానిది 15కు 2 కలిపి 17 లక్షలు. ఒక్క సీజను వరకే చూస్తే మరమ్మతు చవక. అయితే 30 శాతం అన్నది 35 అయితే మరమ్మతు వ్యయం 18 లక్షలై లెక్క తిరగబడుతుంది. సరిసమానమయ్యే స్థానం 32.5 శాతం. అంటే ఈ నిర్ణయమంతా మెకానిక్ చెప్పిన ఒక్క అంకె మీద నిలిచి ఉన్నది కనుక, ఆ అంకెను మరొకరితో సరిచూసుకోవడమే నిర్వాహకుడు చేయవలసిన మొదటి పని. 40 లక్షల నష్టం ఒక్కసారి వచ్చినా సంస్థ తట్టుకోలేని స్థితిలో ఉంటే సగటు లెక్క పనికిరాదు. కొత్త యంత్రం మరి కొన్నేళ్ళు పనిచేస్తుందన్న సంగతి కూడా ఇందులో చేరలేదు. వృక్షం జవాబు చెప్పడం కంటె, ఏ ప్రశ్నకు జవాబు కావాలో చూపడంలోనే ఎక్కువ ఉపయోగపడుతుంది.

వైఫల్యాన్ని ముందుగా ఊహించడం: గ్యారీ క్లైన్ 2007లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వివరించిన ప్రీమార్టెమ్ పద్ధతి పోస్టుమార్టానికి తలకిందులు. పని మొదలుపెట్టకముందే, అది పూర్తిగా విఫలమైందని అనుకొని, ఎందుకు విఫలమై ఉంటుందో బృందంలోని ప్రతి ఒక్కరూ కొద్ది నిమిషాలలో కాగితం మీద రాస్తారు. తరువాత ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చొప్పున చదువుతారు. ఏమైనా సందేహాలున్నాయా అని పై అధికారి అడిగితే మౌనం వహించేవారు కూడా, సందేహించడమే తమకు అప్పగించిన పని అయినప్పుడు నోరు విప్పుతారు.

నిర్ణయాల చిట్టా: ముఖ్యమైన ప్రతి నిర్ణయానికి తేదీ, అప్పటికి తెలిసిన విషయాలు, కాదనుకొన్న ప్రత్యామ్నాయాలు, ఆశించిన ఫలితం, దాని సంభావ్యత, సమీక్ష తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టడం మరొక పద్ధతి. జరిగిన తరువాత ఇది నాకు ముందే తెలుసు అనిపించే పశ్చాద్దృష్టి భ్రమను బారూక్ ఫిష్‌హాఫ్ 1975లో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. రాసి ఉంచిన అంచనా మాత్రమే ఈ భ్రమకు అడ్డుపడగలదు. అంచనాలను కొలవడానికి వాతావరణ శాస్త్రజ్ఞుడు గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన స్కోరు వాడుకలో ఉన్నది. ఒక సంఘటన జరగడానికి 80 శాతం అవకాశం ఉందని చెప్పగా అది జరిగితే, 1 నుంచి 0.8 తీసివేసి వర్గం చేయగా వచ్చే 0.04 స్కోరు, జరగకపోతే 0.64. స్కోరు ఎంత తక్కువైతే అంచనా అంత మంచిది. ఫిలిప్ టెట్లాక్ తదితరులు 2011లో అమెరికాలో ప్రారంభించిన గుడ్ జడ్జ్‌మెంట్ ప్రాజెక్టులో, ఇటువంటి స్కోర్లతో పాటు గంటలోపు ముగిసే శిక్షణ పొందినవారి అంచనాల కచ్చితత్వం సుమారు 10 శాతం మెరుగుపడింది.

సమూహ నిర్ణయం

విక్టర్ వ్రూమ్, ఫిలిప్ యెటన్ 1973లో ప్రతిపాదించిన నమూనా, నిర్వాహకుడు ఎప్పుడు ఒంటరిగా నిర్ణయించాలి, ఎప్పుడు ఇతరులను కలుపుకోవాలి అన్న ప్రశ్నకు ఐదు మెట్లు చూపింది. తానే తేల్చడం మొదలు, సమాచారం మాత్రం అడగడం, విడివిడిగా సంప్రదించడం, కలిపి సంప్రదించడం, చివరకు బృందానికే వదిలిపెట్టడం వరకు ఇవి విస్తరిస్తాయి. సమాచారం ఎవరి దగ్గర ఉంది, అమలుకు వారి అంగీకారం ఎంత అవసరం అన్నవి మెట్టును ఎంచుకోవడానికి ప్రధాన ప్రమాణాలు.

ఐకమత్యం మీది మోజుతో బృందం తన సందేహాలను తానే అణచుకోవడాన్ని ఇర్వింగ్ జానిస్ 1972లో సమూహ చింతనగా వర్ణించాడు. 1961 నాటి బే ఆఫ్ పిగ్స్ దాడి అతను తీసుకొన్న ప్రధాన ఉదాహరణ. సమాచారం చేతిలో ఉండగానే నిర్ణయం ఎలా తప్పుతుందో 1986 నాటి ఛాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదం మరింత స్పష్టంగా చూపుతుంది. జనవరి 27 రాత్రి రాకెట్ తయారీదారు మోర్టన్ థయోకోల్ ఇంజనీర్లు, సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కంటె చలిలో ప్రయోగం వద్దని సూచించారు. నాసా అధికారులు అభ్యంతరం చెప్పగా, థయోకోల్ నిర్వాహకులు కాసేపు విడిగా చర్చించి, ఇంజనీర్లను ఓటుకు పిలవకుండానే సూచనను మార్చుకొన్నారు. మరునాడు సుమారు 2 డిగ్రీల వద్ద జరిగిన ప్రయోగంలో ఏడుగురు మరణించారు. ఆ రాత్రి పరిశీలించిన పట్టికలో, రాకెట్ అతుకులను మూసే రబ్బరు వలయాలు దెబ్బతిన్న ప్రయోగాలే ఉన్నాయి. దెబ్బతినని వాటిని చేర్చలేదు. రోజర్స్ కమిషన్ వాటినీ కలిపి చూసినప్పుడు, సుమారు 19 డిగ్రీలు, అంతకు పైన జరిగిన 20 ప్రయోగాలలో మూడింటిలో మాత్రమే, సుమారు 18 డిగ్రీల కంటె తక్కువలో జరిగిన నాలుగింటిలో నాలుగింటా వలయాలలో లోపం కనిపించింది.

విరుగుడుగా ఒకరికి ప్రతివాది పాత్ర అప్పగించే ఆచారం ఉన్నది గాని, నటించే అసమ్మతి కంటె నిజమైన అసమ్మతి ఎక్కువ కొత్త ఆలోచనలను పుట్టిస్తుందని చార్లాన్ నెమెత్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాలు సూచించాయి. ఖర్చులేని ఉపాయం ఒకటి ఉన్నది: చర్చకు ముందే అందరి అభిప్రాయాలను విడివిడిగా రాయించుకోవడం, పై అధికారి చివర మాట్లాడడం.

ఉదాహరణ: సత్యం కంప్యూటర్స్, 2008-09

హైదరాబాదు కేంద్రంగా ఉన్న సత్యం కంప్యూటర్ సర్వీసెస్ సంస్థలో నాలుగు నెలల వ్యవధిలో రెండు రకాల నిర్ణయ పద్ధతులు కనిపిస్తాయి. 2008 డిసెంబరు 16న దాని డైరెక్టర్ల బోర్డు, అధ్యక్షుని కుటుంబానికి చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. ప్రసిద్ధ విద్యావేత్తలు స్వతంత్ర డైరెక్టర్లుగా ఉన్న బోర్డు అది. మదుపరుల తీవ్ర వ్యతిరేకతతో కొన్ని గంటలలోనే ప్రతిపాదన ఉపసంహరింపబడింది. 2009 జనవరి 7న అధ్యక్షుడు ఖాతాలు కల్పితమని లేఖ ద్వారా అంగీకరించిన తరువాత, కేంద్ర ప్రభుత్వం బోర్డును తొలగించి కిరణ్ కార్ణిక్, దీపక్ పారేఖ్, సి. అచ్యుతన్‌లను, కొద్ది రోజులకు మరి ముగ్గురిని నియమించింది.

కొత్త బోర్డు దగ్గర నమ్మదగిన లెక్కలు లేవు, అవి తయారయ్యేదాకా ఆగే సమయమూ లేదు. సుమారు 50,000 మంది ఉద్యోగులు, విదేశీ ఖాతాదారులు చెదిరిపోతే అమ్మడానికి సంస్థే మిగలదు కనుక, జీతాలు చెల్లించడం, ఖాతాదారులను నిలుపుకోవడం ముందు వరుసలోకి, పాత ఖాతాలను సరిదిద్దడం వెనుక వరుసలోకి వెళ్ళాయి. ఫిబ్రవరిలో సంస్థలోని సీనియర్ అధికారి ఎ.ఎస్. మూర్తిని ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నియమించారు. అమ్మకంపై ఆరోపణలకు తావులేకుండా సుప్రీంకోర్టు పూర్వ ప్రధాన న్యాయమూర్తి ఎస్.పి. భరూచా పర్యవేక్షణలో వేలం నడిపారు. ఏప్రిల్ 13న వాటాకు 58 రూపాయలు పలికిన టెక్ మహీంద్రా, 45.90 రూపాయలు పలికిన లార్సెన్ అండ్ టూబ్రోను దాటి గెలిచింది. వెనక్కు తీసుకోలేని నిర్ణయాన్ని తక్కువ సమాచారంతో తీసుకోవలసివచ్చినప్పుడు పద్ధతిలోని పారదర్శకత ఎంతవరకు ఆ లోటు తీర్చగలదో ఈ ఘట్టం చూపుతుంది.

శిక్షణ సంస్థలు, ప్రభుత్వరంగ పరిస్థితి

భారతదేశంలో పదవిలో ఉన్న నిర్వాహకుల శిక్షణకు తొలి ముఖ్యసంస్థలలో ఒకటి 1956లో హైదరాబాదులో స్థాపించిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా. ఇది బెల్లా విస్టా భవనంలో నడుస్తున్నది. 1961లో స్థాపించిన అహమ్మదాబాదు ఐఐఎం, హార్వర్డ్ బిజినెస్ స్కూలు సహకారంతో కేస్ స్టడీ పద్ధతిని ప్రధాన బోధనా విధానంగా స్వీకరించింది. హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ 2001లో, విశాఖపట్నం ఐఐఎం 2015లో మొదలయ్యాయి. కేస్ స్టడీ చర్చకు, పద్ధతికి మంచి సాధన ఇస్తుంది; అయితే అవసరమైన సమాచారమంతా కూర్చి పెట్టిన కాగితాలతో మొదలవుతుంది కనుక, సమస్యను కనిపెట్టే మొదటి దశ అందులో పలుచబడుతుంది.

ప్రభుత్వరంగంలో టెండరు నియమాలు, అధికారాల బదలాయింపు పట్టిక, ఫైలు నోటింగు నిర్ణయానికి హద్దులు గీస్తాయి. నోటింగు ఒక విధంగా నిర్ణయాల చిట్టాయే గాని, అందులో ఆశించిన ఫలితం, సమీక్ష తేదీ రాసే ఆనవాయితీ లేదు. సదుద్దేశంతో తీసుకొన్న నిర్ణయం కూడా తరువాత విచారణకు దారితీస్తుందన్న భయం ఫైళ్ళు కదలకపోవడానికి కారణమన్న వాదనతో, 2018లో అవినీతి నిరోధక చట్టానికి 17ఎ సెక్షన్ చేర్చి, అధికార విధులలో భాగమైన నిర్ణయాలపై దర్యాప్తుకు ముందస్తు అనుమతి అవసరమని నిర్దేశించారు. ఇది అవినీతికి రక్షణ కవచమవుతుందన్న విమర్శ కూడా ఉన్నది.

విమర్శలు, పరిమితులు

వరుసగా నిర్ణయాలు తీసుకొంటే మనోబలం తరిగిపోతుందన్న భావన నిర్వహణ పుస్తకాలలో బాగా ప్రచారంలో ఉన్నా, దానికి మూలమైన సిద్ధాంతాన్ని 23 ప్రయోగశాలలు 2,000 మందికి పైగా వ్యక్తులతో కలిసి పరీక్షించి 2016లో ప్రచురించిన ఫలితాలలో చెప్పుకోదగిన ప్రభావం కనిపించలేదు. పక్షపాతాల జాబితా నేర్చుకొన్నంత మాత్రాన అవి తొలగవని కానమన్ స్వయంగా పలుమార్లు అంగీకరించాడు. అందుకే ఇటీవలి కృషి వ్యక్తిని మార్చడం నుంచి సమావేశ క్రమాన్ని, ఫారాలను, సమీక్షలను మార్చడం వైపు మళ్ళింది. ఇవన్నీ సమయాన్ని తీసుకొంటాయి. చిన్న సంస్థలో ప్రతి నిర్ణయానికీ వీటిని వర్తింపజేస్తే లాభం కంటె జాప్యమే ఎక్కువ.

శిక్షణ ప్రభావాన్ని సంస్థ స్థాయిలో కొలవడం ఇప్పటికీ కష్టమే, ఎందుకంటే కాదనుకొన్న ప్రత్యామ్నాయం ఎలాంటి ఫలితమిచ్చి ఉండేదో ఏ సంస్థా చూడలేదు. తరగతి చివరి రోజున నింపించే అభిప్రాయ పత్రాలు శిక్షణ నచ్చిందో లేదో చెబుతాయే తప్ప, నిర్ణయాల నాణ్యతకు అవి కొలమానం కావు.